మూడు షిఫ్టుల ఊళ్లో బడి

రామగుండం, గోదావరిఖని ప్రాంతపు బడుల్లో ఉపాధ్యాయుని బాధ్యత గత ముప్పై ఏళ్లలో బాగా బరువెక్కింది. అందుకు కారణాలు బడిలో కంటే బొగ్గుబాయి మీదే ఎక్కువగా కనిపిస్తాయి. 1960లలో ఇక్కడ సింగరేణి గనులు తెరుచుకున్న నాటి నుంచి చాలాకాలం పాటు, కార్మికుని కొడుకు పదో తరగతి తప్పినా బొగ్గు నింపే బదిలీ ఫిల్లరుగానో, సాధారణ కూలీ అయిన జనరల్ మజ్దూరుగానో గని హాజరుపట్టీ అయిన మస్టరులో పేరెక్కే అవకాశం ఉండేది. తండ్రి కొలువు కొడుక్కి దక్కే ఏర్పాటు చాలా ఇళ్లలో చదువు లేని లోటును పూడ్చింది. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు 40 వేల దరిదాపులకు దిగింది. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. బొగ్గు పొర మీదున్న రాతినీ మట్టినీ తొలగించే పని, అంటే ఓబీ పని, చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టుల కిందికి వెళ్లింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసిన తరువాత, అనారోగ్యంతో పనికి అనర్హులైన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాల దారి మిగిలింది గానీ, అది అందరికీ అందే దారి కాదు.

ఆ కొలువులు పలచబడిన చోట ఇప్పుడు నిలిచినవి పరీక్షలూ పట్టాలూ. గనిలో పనిని పర్యవేక్షించే ఓవర్‌మన్ సర్టిఫికెట్టు కావాలన్నా, మైనింగ్ డిప్లొమా చేయాలన్నా, ఐటీఐ పూర్తిచేసి విద్యుత్ కేంద్రంలోనో ఎరువుల కర్మాగారంలోనో చేరాలన్నా పదో తరగతి గణితం, విజ్ఞానశాస్త్రం, చదివి అర్థం చేసుకునే శక్తి తప్పనిసరి. చదువబ్బని పిల్లవాణ్ని బాయి ఆదుకుంటుందన్న ధీమా పోయిన ఊళ్లో, తరగతి గదిలో జరిగే ప్రతి పొరపాటుకూ మూల్యం పెరిగింది. అందుకే ఉపాధ్యాయుడు విద్యార్థికి నిజంగా ఏ విధంగా తోడ్పడగలడన్న ప్రశ్నను ఉపదేశాలతో కాక, పరిశీలనకు నిలిచిన ఆధారాలతో చర్చించవలసి ఉంది.

ఆ ఆధారాల్లో అత్యంత విలువైనది గోదావరికి అవతలి ఒడ్డునే దొరుకుతుంది. 2005లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదిలాబాద్, నిజామాబాద్, కడప, నెల్లూరు, విశాఖపట్నం జిల్లాల గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఒక సుదీర్ఘ ప్రయోగం మొదలైంది. ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రూపొందించిన ఈ అధ్యయనాన్ని అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ క్షేత్రస్థాయిలో నిర్వహించింది. బడులను లాటరీ పద్ధతిలో వేరువేరు జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకు ఒక్కో రకమైన తోడ్పాటు ఇచ్చి, ఏమీ ఇవ్వని బడులతో పోల్చి చూడటం ఇందులోని విధానం. లాటరీ ఎందుకంటే, ముందే బాగున్న బడిని ఏరి తెచ్చి ఫలితం చూపించే అవకాశం ఎవరికీ ఉండకూడదు.

ఒక జట్టు బడుల్లో పిల్లలందరికీ పరీక్ష పెట్టి, ఎవరు ఏ అంశంలో వెనుకబడ్డారో వివరంగా నివేదిక రాసి ఉపాధ్యాయుల చేతికిచ్చారు. తరువాత అప్పుడప్పుడు వెళ్లి తరగతులను గమనించారు. గమనించేవారు వచ్చినప్పుడు ఆ ఉపాధ్యాయులు మిగతా బడుల వారికంటే చురుగ్గా బోధిస్తూ కనిపించారు. కానీ సంవత్సరాంతాన పిల్లల మార్కులు మాత్రం ఏ నివేదికా అందని బడుల పిల్లల మార్కులకంటే మెరుగ్గా లేవు. మరో జట్టులో అదే నివేదికతో పాటు, పిల్లల సగటు మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బోనస్ ఇస్తామన్నారు. ఆ బడుల్లో రెండేళ్లకు గణితం మార్కులు 0.27, భాష మార్కులు 0.17 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. ప్రామాణిక విచలనం అంటే తరగతిలోని మార్కులు సగటుకు అటూఇటూ ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. సగటు విద్యార్థి ఆ కొలతలో పావు వంతు పైకి జరిగితే, తరగతిలో వందకు పదిమంది దాకా తోటివారిని దాటినట్టు లెక్క.

ఈ ఫలితాన్ని చూసి బోనస్ ఇస్తే చాలునని తేల్చేవారు ఉన్నారు, కానీ అది తొందరపాటు. బోనస్ బడుల్లో ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు. మారిందల్లా, బడికి వచ్చిన రోజున చేసిన పని. ఎక్కువ ఇంటిపని ఇచ్చి దిద్దామనీ, బడి వేళ దాటాక అదనపు తరగతులు తీసుకున్నామనీ, వెనుకబడిన పిల్లలతో విడిగా కూర్చున్నామనీ ఆ ఉపాధ్యాయులే చెప్పారు. నివేదిక రెండు చోట్లా ఒకటే. ఒకచోట అది కాగితంగా మిగిలింది, మరోచోట పిల్లవాని పలక దాకా వెళ్లింది. ఎవరికి ఏది రాదో తెలుసుకోవడం, తెలిసిన దాన్నిబట్టి మరునాటి బోధనను మార్చుకోవడం వేరువేరు పనులనీ, రెండోది లేనప్పుడు మొదటిది వృథా అనీ ఈ ప్రయోగం చూపించింది. తనిఖీ నాడు కనిపించే హుషారును బోధనగా పొరబడే అధికారులకు కూడా ఇందులో చురక ఉంది.

పిల్లవానికి రాదని తెలిస్తే సరిపోదు, ఎలా రాదో తెలియాలి. రాత్రి షిఫ్టు 11 గంటలకు మొదలై ఉదయం 7 గంటలకు ముగుస్తుంది గనుక కార్మికుడు ఎన్ని గంటలు పని చేసినట్టని అయిదో తరగతిలో అడిగితే, ఈ ప్రాంతపు పిల్లలకు బాగా తెలిసిన ఆ లెక్కకు కూడా పలు జవాబులు రావచ్చు. 4 అని రాసిన పిల్లవాడు 11లోంచి 7 తీసేశాడు. సంఖ్యలు కనబడ్డాయి గానీ కాలం కనబడలేదు. 18 అని రాసినవాడు రెండు సంఖ్యలను కలిపేశాడు, అంటే ప్రశ్నను చదవనేలేదు. 7 అని రాసిన అమ్మాయి అర్ధరాత్రి దాటడాన్ని గ్రహించింది, 11 నుంచి 12 దాకా ఉన్న గంటను మాత్రం మరిచింది. ఆమె సరైన జవాబుకు ఒక్క అడుగు దూరంలో ఉంది. ముగ్గురికీ ఒకే ఎర్ర ఇంటూ గుర్తు పెట్టి, 8 అని నల్లబల్ల మీద రాసి ముందుకు సాగిన ఉపాధ్యాయుడు ముగ్గురిలో ఎవరికీ ఏమీ నేర్పినట్టు కాదు.

తీసివేతలో ఇది మరింత స్పష్టం. 403లోంచి 187 తీసివేయమంటే 384 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. అది అజాగ్రత్త కాదు, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయాలన్న సొంత నియమాన్ని పిల్లవాడు తు.చ. తప్పకుండా పాటించాడు. అమెరికా పరిశోధకులు జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ఇలాంటి తప్పులను పెద్ద సంఖ్యలో పరిశీలించి, వాటిలో చాలావరకు పిల్లలు ఏర్పరచుకున్న తప్పు నియమాల ఫలితమేనని చూపారు. ఇలాంటి పిల్లవానికి మరో ఇరవై తీసివేతలు ఇంటిపనిగా ఇస్తే ఆ తప్పు నియమమే ఇరవై సార్లు సాధన అవుతుంది. ‘ఎట్ల చేసినవ్, జెర చెప్పు’ అని ఒక్కసారి అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టిన ఉపాధ్యాయునికి అయిదు నిమిషాల్లో లోపం దొరుకుతుంది.

అలా దొరికిన లోపాన్ని సరిదిద్దడానికి తీరిక ఎక్కడన్నది ఉపాధ్యాయులు న్యాయంగానే అడిగే ప్రశ్న. పాఠ్యప్రణాళిక ముందుకు తరుముతుంది. ఏడో తరగతి గదిలో మూడో తరగతి పాఠం కూడా చదవలేని పిల్లలు ఉంటారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యా సంస్థ రూపొందించిన స్థాయికి తగిన బోధన దీనికి ఒక దారి చూపింది: రోజులో కొంత సమయాన్ని విడిగా కేటాయించి, పిల్లలను తరగతుల వారీగా కాక, అక్షరాలు, పదాలు, వాక్యాలు, కథలు అన్న చదువు స్థాయిని బట్టి జట్లుగా కూర్చోబెట్టి నేర్పడం. ముంబయి, వడోదర బడుల్లో వెనుకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు స్థానిక యువతుల దగ్గర కూర్చోబెట్టిన తొలి ప్రయోగపు ఫలితాలను 2007లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వారి సహచరులు ప్రచురించారు. ఆ పిల్లల చదువు గణనీయంగా మెరుగుపడింది. ఆ ఇద్దరికీ 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి రావడానికి ఇలాంటి క్షేత్ర ప్రయోగాలే ఆధారం. విడిగా సమయం కేటాయించకుండా సామగ్రి మాత్రమే పంపిణీ చేసిన చోట్ల ఈ పద్ధతి పెద్దగా పనిచేయలేదన్నది తరువాతి అనుభవం.

తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రాథమిక తరగతుల కోసం ప్రారంభించిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల్లో కనీస సామర్థ్యాలనే లక్ష్యంగా పెట్టుకుంది. అదే విద్యా సంవత్సరంలో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఆంగ్ల మాధ్యమం వచ్చింది, ఒక పక్క పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు అందాయి. ఇంట్లో తెలంగాణ మాండలికమో ఉర్దూయో హిందీయో మాట్లాడే పిల్లలు కలిసి కూర్చునే ఈ పారిశ్రామిక ప్రాంతంలో, రెండు పుటలనూ వాడుకునే ఉపాధ్యాయుడు పాఠాన్ని పిల్లలకు చేరుస్తాడు. తెలుగు పుటను తెరవనివ్వకపోవడమే ఆంగ్ల మాధ్యమమని భావించేవాడు ఆంగ్లాన్నీ నేర్పలేడు, పాఠాన్నీ నేర్పలేడు.

ఉన్నత పాఠశాల స్థాయిలో మరో చిక్కు ఉంది. పదో తరగతి ప్రత్యేక తరగతులు మొదలైనప్పటి నుంచి పరీక్షల దాకా పిల్లలచేత ముఖ్య ప్రశ్నల జవాబులను పదేపదే చదివించడం, చూసి రాయించడం అంతటా కనబడే అలవాటు. 2006లో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఈ అలవాటును సూటిగా తాకుతుంది. ఒక జట్టు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, మరో జట్టు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవారే మెరుగు. వారం తరువాత పరీక్షిస్తే గుర్తుచేసుకుని రాసినవారు స్పష్టంగా ముందున్నారు. పదేపదే చదివితే వచ్చిందన్న నమ్మకం పెరుగుతుంది, గుర్తుచేసుకునే ప్రయత్నంలో జ్ఞాపకం గట్టిపడుతుంది.

మన బడుల్లో ఎప్పటినుంచో ఉన్న స్లిప్ టెస్టు సరిగ్గా ఈ పనికే తగిన సాధనం. చిత్తు కాగితపు ముక్క మీద నిన్నటి పాఠం నుంచి మూడు ప్రశ్నలు, పోయిన నెల పాఠం నుంచి రెండు ప్రశ్నలు పది నిమిషాల్లో రాయించి, జవాబులను తరగతిలోనే చర్చిస్తే, ఖర్చు లేకుండా పై పరిశోధన సారమంతా అమలైనట్టే. దురదృష్టవశాత్తు చాలాచోట్ల ఈ స్లిప్ టెస్టు మార్కుల రిజిస్టరుకూ, తక్కువ వచ్చినవారిని నిలబెట్టడానికీ పరిమితమైంది. భయపడ్డ పిల్లవాడు పక్కవాడి కాగితం చూస్తాడు; అప్పుడు ఉపాధ్యాయునికి అతని లోపం తెలిసే దారి కూడా మూసుకుపోతుంది.

మార్కు కంటే మాట మేలన్నదానికి కూడా ఆధారం ఉంది. ఇజ్రాయెల్ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ఒక జట్టు పిల్లలకు మార్కులు మాత్రమే, రెండో జట్టుకు రాతలో వ్యాఖ్య మాత్రమే, మూడో జట్టుకు రెండూ ఇచ్చి చూశారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారు తరువాతి పనిలో మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవారు మార్కు చూసి వ్యాఖ్యను వదిలేసినట్టు ఫలితం తేలింది. నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే బోధన సాగుతుండగానే దానిని సరిదిద్దుకోవడానికి చేసే పరిశీలన, తెలంగాణ బడుల్లో ఎఫ్‌ఏ పేరుతో అమలులో ఉంది. ఆ పేరులోని ఉద్దేశం నెరవేరాలంటే నోటుపుస్తకంలో ‘గుడ్’ అనో 7/10 అనో రాయడం కంటే, ‘సూత్రం సరిగా రాశావు, ప్రమాణాలు మార్చకుండా విలువలు వేశావు, రెండో మెట్టు నుంచి మళ్లీ చెయ్యి’ అని రాయడం అవసరం. యాభై పుస్తకాలకు రోజూ అలా రాయడం మానవమాత్రుని వల్ల కాదు. వారానికి పది పుస్తకాలు వంతులవారీగా అలా దిద్దినా చాలు.

వెనుక బెంచీలో కూర్చున్న పిల్లవాని గురించి ఉపాధ్యాయుడు మనసులో వేసుకున్న అంచనా కూడా ఫలితాన్ని కొంత ప్రభావితం చేస్తుంది. 1968లో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్సన్ ఒక అమెరికా పాఠశాలలో లాటరీగా ఎంచిన కొందరు పిల్లలు త్వరలో వికసించబోతున్నారని ఉపాధ్యాయులకు చెప్పి, చిన్న తరగతుల్లో ఆ పిల్లల తెలివి పరీక్షల మార్కులు మిగతావారికంటే ఎక్కువ పెరిగాయని ప్రకటించారు. ఆ అధ్యయనంపై గట్టి విమర్శలు వచ్చాయి, తరువాతి పరిశోధనల్లో ప్రభావం చిన్నదేనని తేలింది. అయినా ప్రభావం పనిచేసే దారి తరగతిలో కంటికి కనిపించేదే: వస్తుందనుకున్న పిల్లవానికి ప్రశ్న వేసి కాస్త ఎక్కువసేపు ఆగుతారు, రాదనుకున్నవాని దగ్గర రెండు క్షణాలకే పక్కవాని వైపు తిరుగుతారు. సంవత్సరం పొడుగునా పోగుపడేది ఆ రెండు క్షణాల తేడాయే.

ఈ ప్రాంతానికే చెందిన ఒక సమస్య సర్వేల్లో సాధారణంగా కనిపించదు. గని కార్మికుల షిఫ్టులు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3, అక్కడి నుంచి రాత్రి 11, మళ్లీ ఉదయం 7 దాకా మూడుగా తిరుగుతాయి. తండ్రి రెండో షిఫ్టులో ఉన్న వారమంతా బడి నుంచి వచ్చిన పిల్లవానికి ఆయన కనబడడు. రాత్రి షిఫ్టు వారంలో పగలు ఇంట్లోనే ఉంటాడు గానీ నిద్రలో ఉంటాడు, చిన్న క్వార్టరులో పిల్లలు బిగ్గరగా చదవడానికి వీలుండదు. ‘బాపు నైట్ షిఫ్ట్‌ల ఉన్నడు సార్, సదువలే’ అన్న పిల్లవాని మాటను సాకుగా కొట్టిపారేయకుండా, ఆ వారం అతనికి రాతపని ఇచ్చి, చదివే పనిని బడిలోనే ముందు అరగంటలో చేయించడం చిన్న సర్దుబాటే. తల్లిదండ్రుల సమావేశాన్ని ఎప్పుడూ పదకొండు గంటలకే పెడితే రాత్రి షిఫ్టువారు నిద్రలోనూ, మొదటి షిఫ్టువారు బాయిలోనూ ఉంటారు. ఆదివారం పెడదామంటే, అదనపు వేతనం వచ్చే ఆదివారపు పనికి, కార్మికులు ప్లే డే అని పిలిచే దానికి, వెళ్లేవారు రాలేరు. తరగతిలో ఎవరి తండ్రి ఏ షిఫ్టులో, ఎవరి తల్లి ఏ కాంట్రాక్టు పనిలో ఉన్నారో రాసుకున్న చిన్న పుస్తకం ఉన్న ఉపాధ్యాయుడు రెండు విడతలుగా కలిసి అందరినీ పలకరించగలడు.

ఊరిలోని విశేషాలు పాఠానికి పనికివస్తాయన్నది కొత్త ఆలోచన కాదు. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఉపాధ్యాయులు ఏపెప్ అని పిలుచుకున్నది, పరిసరాలను బోధనకు వాడుకోవడాన్ని తన మూల సూత్రాల్లో ఒకటిగా ప్రకటించింది. ఈ విషయంలో గోదావరిఖని ఉపాధ్యాయునికి ఉన్న సంపద మరెక్కడా అంత సులభంగా దొరకదు. 1కి 4 వాలున్న ఇంక్లయిన్‌లో, అంటే నాలుగు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు దిగే ఏటవాలు దారిలో, 400 మీటర్లు నడిచిన కార్మికుడు నేలకు ఎంత లోతున ఉంటాడన్న ప్రశ్నతో పదో తరగతి త్రికోణమితి మొదలుపెట్టవచ్చు. కోణం దాదాపు 14 డిగ్రీలు, లోతు దాదాపు 97 మీటర్లు. కార్బన్ సమ్మేళనాల పాఠంలో మీథేన్ దగ్గరికి వచ్చినప్పుడు, గాలిలో ఆ వాయువు 5 నుంచి 15 శాతం దాకా ఉంటే పేలుతుందనీ, గనిలో వాడే భద్రతా దీపపు మంట మీద నీలి వెలుగు కనబడితే దాని ఉనికి తెలిసేదనీ చెప్పిన వెంటనే, తాతో తండ్రో ఆ దీపం పట్టుకున్న ఇంటి పిల్లలు మాట్లాడటం మొదలుపెడతారు. మామూలుగా నోరు మెదపని పిల్లవాడు తరగతికి ఏదో చెప్పగలిగే అరుదైన సందర్భాల్లో అది ఒకటి.

పదో తరగతి తరువాతి దారులను చూపడం కూడా ఇక్కడ బోధనలో భాగమే, ఎందుకంటే చాలా ఇళ్లలో ఆ దారులు తెలిసినవారు ఉండరు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరడం, బాసరలోని ఆర్జీయూకేటీలో ఆరేళ్ల సమీకృత కోర్సుకు దరఖాస్తు చేయడం, మంథని జేఎన్‌టీయూ కళాశాలలో మైనింగ్ ఇంజనీరింగ్ చదవడం వంటివి తేదీలతో సహా తరగతి గోడ మీద ఉండాలి. ఆడపిల్లల విషయంలో ఉపాధ్యాయులే పాత సమాచారంతో అడ్డుపడే ప్రమాదం ఉంది. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భ గనుల్లో పనికి అనుమతించలేదు గానీ, 2019లో కేంద్ర ప్రభుత్వం షరతులతో ఆ అనుమతి ఇచ్చింది. మైనింగ్ చదువు మగపిల్లలదేనని చెప్పడానికి ఇప్పుడు చట్టపరమైన ఆధారం లేదు.

ఇంతా చేయవలసిన ఉపాధ్యాయునికి ఎవరు తోడన్నది మిగిలిన ప్రశ్న. ఎన్నికల విధులు, సర్వేలు, యాప్‌లలో వివరాల నమోదు అతని సమయాన్ని తినేస్తున్నాయన్న ఫిర్యాదు నిజం, అది ప్రభుత్వం తీర్చవలసిన విషయం. ఉపాధ్యాయుల చేతిలోనే ఉన్నది చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. ఏపెప్ కాలంలో ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడింది బోధన గురించి తోటివారితో మాట్లాడుకోవడానికే. ఇప్పుడు చాలా సమావేశాలు ఉత్తర్వులు చదవడంతో, ఫొటోలు పంపడంతో ముగుస్తున్నాయి. ప్రతి ఉపాధ్యాయుడూ తన తరగతిలోని అయిదుగురు పిల్లల నోటుపుస్తకాలను, బాగా రాసినవారివి కాకుండా ఆగిపోయినవారివి, సంచిలో వేసుకుని రావాలన్న ఒక్క నియమం పెట్టుకుంటే, 384 అని రాసిన పిల్లవాడు కాంప్లెక్స్‌లోని ప్రతి బడిలోనూ ఉన్నాడని తెలుస్తుంది. అతనికి తీసివేత ఎలా నేర్పిందీ ఆ ఉపాధ్యాయుల్లో ఎవరో ఒకరు చెప్పగలుగుతారు.